ఇంటి కంప్యూటరులో గిటారు రికార్డింగు: శబ్దం వేరుగా, దృశ్యం వేరుగా

గిటారు వాయిస్తూ ఫోనుతో వీడియో తీసుకున్నవారందరికీ ఒక నిరాశ పరిచయమే. గదిలో నిండుగా వినిపించిన వాద్యం వీడియోలో రేకుడబ్బా మీద మీటినట్టు వినిపిస్తుంది. ఫోను ఎంత ఖరీదైనదైనా ఈ తంటా ఉంటుంది, ఎందుకంటే అందులోని మైకూ, దాని వెనుక పనిచేసే సాఫ్ట్‌వేరూ ప్రధానంగా మాటను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. బిగ్గరగా వచ్చినదాన్ని అణచడం, మెల్లగా ఉన్నదాన్ని ఎత్తడం, మాట కానిదాన్ని రొద కింద జమకట్టి తీసివేయడం వాటి పని. మీటిన తీగ సన్నగిల్లుతూ పోయే ఆ మూడు నాలుగు సెకన్లూ వాటి లెక్కలో రొదే కాబట్టి స్వరం తోక తెగిపోతుంది, తర్వాతి మీటుకు శబ్దం ఒక్కసారిగా ఉబ్బుతుంది.

దీనికి విరుగుడు సులభమైనదే. శబ్దాన్ని మంచి మైకు ద్వారా కంప్యూటరులోకి తీసుకోవాలి, దృశ్యాన్ని ఫోనుతో తీయాలి, ఆ రెంటినీ తర్వాత కలపాలి. ఈ వ్యాసంలో నేను ఒకే ఏర్పాటును మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను: ఉక్కుతీగల అకూస్టిక్ గిటారు, ఒక కండెన్సర్ మైకు (సన్నని ధ్వనిని కూడా పట్టే, కరెంటు కావలసిన రకం), రెండు ఇన్‌పుట్లున్న ఒక ఆడియో ఇంటర్‌ఫేసు, ఒక మామూలు లాప్‌టాప్, ఒక ఫోను. ఎలక్ట్రిక్ గిటారుకు పద్ధతి మారేచోట ఆ మాట అక్కడే చెబుతాను.

కొనవలసినవి

లాప్‌టాప్ పక్కన ఉండే హెడ్‌ఫోను రంధ్రంలోకి గిటారు వైరు దూర్చి రికార్డు చేయాలని చాలామంది ప్రయత్నిస్తారు. ఎలక్ట్రిక్ గిటారు పికప్పు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని అందుకునే ఇన్‌పుట్‌కు సుమారు 10 లక్షల ఓముల ఇంపీడెన్సు (సంకేతానికి ఎదురయ్యే నిరోధం) ఉండాలి. లాప్‌టాప్ మైకు ఇన్‌పుట్‌లో అది అందులో చిన్న వంతు మాత్రమే కాబట్టి పై స్వరాల మెరుపంతా పోయి, దుప్పటి కప్పినట్టు మూగగా వినిపిస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేసు అనే చిన్న పెట్టె చేసే పని ఇక్కడే తెలుస్తుంది. మైకు కోసం ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్, కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరు గుండానే అందే కరెంటు), ఎలక్ట్రిక్ గిటారు కోసం ఇన్‌స్ట్రుమెంట్ మీట, ఆలస్యం లేకుండా వినడానికి హెడ్‌ఫోను రంధ్రం, ఈ నాలుగూ అందులో ఉంటాయి. ఫోకస్‌రైట్, బెరింజర్ వంటి సంస్థల చిన్న పెట్టెలు మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. మొదటి పెట్టెకు ఇంతకు మించి వెతకనవసరం లేదు. యూఎస్‌బీ మైకు ఇంటర్‌ఫేసు అవసరం లేకుండా పనిచేస్తుంది కానీ, రేపు రెండో మైకో, పికప్పో కలపాలంటే దారి మూసుకుపోతుంది.

వీటితోపాటు ఒక మైకు స్టాండు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, ఫోనుకు ఒక ట్రైపాడ్ కావాలి. డబ్బు తగ్గించుకోవాలంటే మైకులో తగ్గించుకోండి, స్టాండులో మాత్రం వద్దు. మెడ వాలిపోయే స్టాండు ఒక మంచి టేకు (ఒక విడత రికార్డింగు) మధ్యలోనే వాలుతుంది.

గది

ఇంట్లో చేసే రికార్డింగు బాగుపడేదీ, చెడేదీ ఎక్కువగా గదిలోనే. మన ఇళ్లలో సిమెంటు గోడలు, గ్రానైటో టైల్సో పరచిన నేల, ఎదురెదురుగా సమాంతరంగా నిలబడిన గోడలు ఉంటాయి. గది మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు తర్వాత గిలక తిప్పినట్టు జలజలమంటూ ఒక తోక వినిపిస్తే మైకు కూడా దాన్నే వింటుందని తెలుసుకోవాలి. కూర్చునే చోటు వెనుక ఒక పరుపును గోడకు ఆనించి నిలబెట్టి, నేల మీద బొంత పరచి, బట్టలున్న బీరువా తలుపులు తెరిచి పెట్టి మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది. బొంతలూ పరుపులూ పై స్థాయి ప్రతిధ్వనిని బాగానే పీలుస్తాయి, మంద్ర ధ్వనిని పెద్దగా పీల్చలేవు. కాబట్టి గది మూలలో కూర్చోకూడదు. మూలల్లో మంద్ర ధ్వని పోగుపడి గిటారు బుర్రుమంటుంది. సరిగ్గా గది నడిమధ్య కూడా కొన్ని స్వరాలు ఉబ్బి, కొన్ని కుంగుతాయి కనుక అక్కడ నుంచి రెండు మూడు అడుగులు పక్కకు జరిగి కూర్చోవడం మేలు. గోడకు అంటించే గుడ్ల అట్టల గురించి తరచూ వింటుంటాం. అవి బయటి శబ్దాన్ని ఆపవు, లోపలి ప్రతిధ్వనిని కూడా చెప్పుకోదగినంతగా తగ్గించవు, నిప్పు మాత్రం త్వరగా అంటుకుంటాయి.

బయటి చప్పుళ్లను ఆపడం అపార్టుమెంటులో మన చేతిలో లేదు, వేళను ఎంచుకోవడం మాత్రం ఉంది. తెల్లవారుజామున అయితే గుడి మైకు, ఉదయమైతే కుక్కరు విజిళ్లు, సాయంత్రమైతే పిల్లల ఆటలు ఉంటాయి. మా వీధిలో రాత్రి పది దాటాక వచ్చే గంటన్నర నికరమైనది. మీ వీధికి ఏ వేళో రెండు మూడు రోజులు గమనిస్తే తెలుస్తుంది. రికార్డు చేసేముందు ఫ్యాను, ఏసీ ఆపాలి. వంటింటి ఫ్రిజ్ మోత వినిపిస్తుంటే దాన్ని కూడా కాసేపు ఆపి, కారు తాళాలు తీసి దాని మీద పెట్టండి. బయటికి వెళ్లేటప్పుడు తాళాలు వెతుక్కుంటూ ఫ్రిజ్ దగ్గరికి వస్తారు, ఆన్ చేయడం మరిచిపోరు. తర్వాత మైకు ఆన్ చేసి, ఏమీ వాయించకుండా పది సెకన్లు రికార్డు చేసి, హెడ్‌ఫోన్లలో శబ్దం పెంచి వినండి. మీకు అలవాటై చెవికి ఆనని చప్పుళ్లన్నీ అందులో బయటపడతాయి. నా మొదటి రికార్డింగులో అలా బయటపడింది గోడ గడియారం.

గుయ్యిమనే మోత

గదంతా నిశ్శబ్దంగా ఉన్నా హెడ్‌ఫోన్లలో సన్నగా గుయ్యిమంటూ ఉంటే అది కరెంటు తెచ్చిపెట్టినది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది కనుక ఆ మోత 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్లైన 100, 150 దగ్గర ఉంటుంది. లాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగిపోతే కారణం చార్జరూ, దాని ఎర్తింగూ అన్నమాట. రికార్డింగు సాగినంతసేపు బ్యాటరీ మీదే నడపడం తేలిక పరిష్కారం. లేదా లాప్‌టాప్, ఇంటర్‌ఫేసు, యాంప్లిఫయరు అన్నీ ఎర్తింగు సరిగ్గా ఉన్న ఒకే ప్లగ్గు పెట్టె నుంచి నడపాలి. మోత పోతుందని ఎవరు చెప్పినా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయకండి. ఉక్కుతీగలు చేతిలో ఉండగా అది ప్రాణాల మీదికి వచ్చే పని. పాతరకం ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు కరకరమనే మోత మరింత పెరుగుతుంది, కనుక కరెంటు పోయినప్పుడు టేకు కూడా ఆపేయడమే మంచిది. ఎలక్ట్రిక్ గిటారులో సింగిల్ కాయిల్ పికప్పులుంటే, కూర్చున్న చోటనే మెల్లగా పక్కకు తిరిగి చూడండి. ఏదో ఒక దిక్కున మోత బాగా తగ్గుతుంది, ఆ దిక్కుకే తిరిగి వాయించండి.

మైకు ఎక్కడ పెట్టాలి

మొదట వాద్యం సంగతి. తీగలు పాతబడితే ఏ మైకూ వాటికి మెరుపు తేలేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో గాలిలోని తేమకూ ఉప్పుకూ తీగలు త్వరగా తుప్పు పడతాయి. రికార్డింగుకు ఒకటి రెండు రోజుల ముందు కొత్త తీగలు వేసి, బాగా సాగదీసి, వాయించి కుదురుకోనివ్వాలి. అదే రోజు వేస్తే పాట మధ్యలో శ్రుతి జారుతుంది. ప్రతి టేకుకు ముందు శ్రుతి చూసుకోవాలి. ఏసీ ఆపిన గది అరగంటలో వేడెక్కుతుంది, ఆ మార్పుకే తీగలు సడలుతాయి. చేతి గడియారం, చొక్కా గుండీలు గిటారు వెనుక చెక్కకు తగిలి టకటకమంటాయి. కిర్రుమనే కుర్చీని మార్చండి.

ఇక మైకు. శబ్దమంతా రంధ్రం నుంచే వస్తుందన్న ఊహతో మైకును నేరుగా దాని ఎదుట పెట్టడం దాదాపు ప్రతివారూ చేసే మొదటి పొరపాటు. గిటారు బొజ్జలోని గాలి ఆ రంధ్రం గుండా ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. సాధారణ పరిమాణం గిటారులో ఆ కదలిక 100 హెర్ట్జ్ దరిదాపుల్లో బలంగా ఉంటుంది. మైకు అక్కడ పెడితే మంద్ర స్వరాల రెండు లావు తీగలు డోలు మోగినట్టు మోగి, సన్నని తీగలను మింగేస్తాయి. మైకును పన్నెండో ఫ్రెట్టు ఎదుట, తీగలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఒక జానెడు లేదా కొంచెం ఎక్కువ దూరంలో పెట్టి, దాని ముఖాన్ని మెడ చెక్క బొజ్జను కలిసే చోటువైపు కొద్దిగా తిప్పండి. ఇది మొదలుపెట్టడానికి చోటు, అంతే. ఇక్కడి నుంచి చెవి చెప్పినట్టు వినాలి.

ఈ పనికి ఇంట్లో ఎవరినైనా సాయానికి పిలవండి. మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకే చిన్న వరుసను, ఒకే బలంతో మళ్లీ మళ్లీ వాయిస్తుండగా, వారు మైకును ఒక్కో అంగుళం చొప్పున జరపాలి. రంధ్రం వైపు జరిపితే మంద్రం పెరుగుతుంది, తల వైపు జరిపితే శబ్దం సన్నబడి తీగల మీద వేళ్లు జారే కీచుమోత ముందుకొస్తుంది, కింద వంతెన వైపు తెస్తే చెక్క ధ్వని వస్తుంది. ఈ మూడింటి మధ్య మీ గిటారుకు నప్పే చోటు ఒకటి ఉంటుంది. అది దొరికాక నేల మీద కుర్చీ కాళ్ల దగ్గర, స్టాండు కాళ్ల దగ్గర టేపు ముక్కలు అంటించండి. మధ్యలో లేచి నీళ్లు తాగి వచ్చి కూర్చుంటే రెండంగుళాల తేడా వస్తుంది. రెండు టేకులు రెండు వేర్వేరు గిటార్ల మీద వాయించినట్టు వినిపిస్తాయి. మరో సంగతి: తాళం మీద దృష్టి పెట్టి వాయించేవారు తెలియకుండానే ముక్కుతో గట్టిగా ఊపిరి తీస్తారు. మైకు మరీ పైనుంచి వంగి ఉంటే అది స్పష్టంగా రికార్డవుతుంది.

కీర్తనలు వాయించేవారికి ఇక్కడ అదనంగా ఒక ఇబ్బంది ఉంది. గమకం కోసం తీగను లాగినా, ఫ్రెట్ల మీద జార్చినా చుట్టుతీగలు కీచుమంటాయి, మీటు బలం కూడా జారు ముగిసేసరికి తగ్గిపోతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకోవడం ఈ కోణం నుంచి చూస్తే అర్థమవుతుంది. పికప్పు ఉంటే సన్నని మీటు కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. మీ అకూస్టిక్ గిటారులో పికప్పు ఉంటే దాన్ని రెండో ఇన్‌పుట్‌లోకి కూడా తీసుకుని మైకు శబ్దానికి కాస్త జతచేయవచ్చు. కానీ గాలిలో 25 సెంటీమీటర్లు దాటి వచ్చే మైకు శబ్దం పికప్పు కంటే 0.7 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 48 వేల శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసుకునే రికార్డింగులో దాదాపు 35 శాంపిళ్లు వెనకబడుతుంది. రెండూ కలిపితే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని శబ్దం బోలుగా అవుతుంది. పికప్పు ట్రాకును ఆ మేరకు వెనక్కి జరిపి వినాలి. అప్పటికీ పలచగా ఉంటే దాని పోలారిటీ తిప్పి, అంటే శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి చూడాలి.

ఎలక్ట్రిక్ గిటారును యాంప్లిఫయరు నుంచి రికార్డు చేసేవారు 1965 నుంచి వాడుకలో ఉన్న షూర్ ఎస్‌ఎం57 వంటి డైనమిక్ మైకును స్పీకరు గుడ్డకు ఒకటి రెండు అంగుళాల దూరంలో, స్పీకరు నడుమకూ అంచుకూ మధ్యలో పెడితే చాలు. ఫ్లాట్లలో అర్ధరాత్రి యాంప్లిఫయరు మోగించలేం కనుక గిటారును నేరుగా ఇంటర్‌ఫేసులో కలిపి, యాంపు సిమ్యులేటరు సాఫ్ట్‌వేరులో వాయించడమే ఎక్కువమందికి కుదిరే దారి. ఇన్‌స్ట్రుమెంట్ మీట నొక్కడం మాత్రం మరవకండి.

కంప్యూటరులో అమరికలు

రికార్డింగు సాఫ్ట్‌వేరుగా ఆడాసిటీ ఉచితం, ఒక్క ట్రాకు పనికి సరిపోతుంది. మ్యాక్ ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉచితంగానే వస్తుంది. నేను వాడేది రీపర్. 60 రోజులు పరీక్షించుకుని తర్వాత కొనుక్కోవచ్చు, పాత లాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. విండోసులో ఇంటర్‌ఫేసు తయారీదారు ఇచ్చే ఏషియో డ్రైవరును (ఆలస్యం తగ్గించి ఇంటర్‌ఫేసును నడిపే చిన్న సాఫ్ట్‌వేరును) వేసి, సాఫ్ట్‌వేరులో దాన్నే ఎంచుకోవాలి.

శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలో) 48 కిలోహెర్ట్జ్, బిట్ డెప్త్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలో) 24 అని పెట్టండి. సీడీల కాలం నుంచి 44.1 అలవాటైనా, వీడియో ప్రపంచమంతా 48 మీద నడుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా అన్నిచోట్లా ఒకే అంకె ఉండటం ఇంకా ముఖ్యం. ఒకచోట 48గా రికార్డయినది మరోచోట పొరపాటున 44.1గా మోగితే పాట నెమ్మదించడమే కాకుండా శ్రుతి సుమారు ఒకటిన్నర ఫ్రెట్టు కిందికి దిగిపోతుంది. మోనో ట్రాకు నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు తీసుకుంటుంది కనుక డిస్కులో చోటు గురించి చింత లేదు. ఎంపీ3గా రికార్డు చేయవలసిన అగత్యం అసలే లేదు, వేవ్ ఫైలుగానే ఉంచండి.

శబ్దాన్ని కంప్యూటరు ఒక్కో విడత ఎంత పోగుచేసుకుని పనిచేయాలో చెప్పే బఫర్ అనే అమరిక దగ్గర చాలామంది తికమకపడతారు. అది 128 శాంపిళ్లు ఉంటే ఒక్కో దిశలో సుమారు 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం, 1024 ఉంటే 21 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. మీ శబ్దం కంప్యూటరు గుండా తిరిగి మీ చెవికి చేరేటప్పుడు ఈ ఆలస్యం ఎక్కువైతే ఎవరో మీ వెనుకే వాయిస్తున్నట్టుంటుంది, తాళం తప్పుతారు. మరీ తగ్గిస్తే చిటపటలు మొదలవుతాయి. అకూస్టిక్ గిటారుకు ఈ బెడదే అక్కరలేదు. ఇంటర్‌ఫేసు మీద ఉండే డైరెక్ట్ మానిటర్ మీట నొక్కితే మైకు శబ్దం కంప్యూటరు దాకా పోకుండా నేరుగా హెడ్‌ఫోన్లకు వస్తుంది, బఫరును నిశ్చింతగా 512 దగ్గర వదిలేయవచ్చు. సిమ్యులేటరుతో ఎలక్ట్రిక్ వాయించేవారికే 128 అవసరం.

శబ్ద స్థాయిని పాటలోని అన్నింటికంటే గట్టి భాగాన్ని వాయిస్తూ సరిచేయాలి, మెల్లని పల్లవితో కాదు. ఆ గట్టి మీట్లు మీటరులో −12 డెసిబెళ్ల దగ్గర తగిలి ఆగేలా ఇంటర్‌ఫేసు గెయిన్ తిప్పండి. అది తక్కువ అనిపిస్తుంది, ఫరవాలేదు. 24 బిట్లలో అడుగున ఉన్న రొద చాలా దిగువన ఉంటుంది కనుక తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. సున్నా దాటి విరిగిపోయిన శబ్దాన్ని మాత్రం సరిగ్గా అతికించే సాధనం లేదు. పైగా ఎర్రదీపం వెలిగాక మనిషి ప్రాక్టీసులో కంటే గట్టిగా వాయిస్తాడు, ఆ మిగులు అందుకే.

తాళానికి మెట్రోనోమ్, శ్రుతికి తంబురా యాప్, ఏది కావాలన్నా హెడ్‌ఫోన్లలోనే వినాలి, గదిలో మోగించకూడదు. హెడ్‌ఫోన్లలో కూడా ఎక్కువ బిగ్గరగా పెడితే ఆ టిక్కుటిక్కు చెవి అంచుల నుంచి కారి జానెడు దూరంలో ఉన్న మైకులో పడుతుంది. పాటంతటా గిటారు దాన్ని కప్పేస్తుంది. చివరి స్వరం సన్నగిల్లుతున్నప్పుడు మాత్రం టిక్కుటిక్కు ఒంటరిగా బయటపడుతుంది. చివరి మీటు దగ్గర మెట్రోనోమ్ ఆగిపోయేలా ట్రాకులో ముందే ఏర్పాటు చేసుకోండి.

దృశ్యం

ఇక్కడ నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. నలభై నిమిషాలు వాయించి, వీడియోను కంప్యూటరు తెర మీద పెట్టి చూస్తే నా వెనుక గోడ మీద నల్లని పట్టీలు పైకి పాకుతున్నాయి. ఫోను చిన్న తెర మీద అవి కనిపించలేదు. 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబులైట్లూ, చవకరకం ఎల్‌ఈడీ బల్బులూ సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. ఫోను సెకనుకు 30 ఫ్రేములతో, ఆ మిణుకుకు పొంతన లేని షట్టరు వేగంతో తీస్తే పట్టీలు వస్తాయి. ఫోనులో ప్రో లేదా మాన్యువల్ వీడియో సదుపాయం ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు వేగం 1/50 అని పెట్టండి. 25 లేకపోతే 30 ఫ్రేములే ఉంచి షట్టరును మాత్రం 1/50కో 1/100కో మార్చండి. పగటిపూట కిటికీ వెలుతురులో తీస్తే ఈ గొడవే లేదు. కిటికీ మీకు ఎదురుగానో, ఒక పక్కగానో ఉండాలి కానీ వెనుక ఉండకూడదు.

ఫోకసు, వెలుతురు, రంగు మూడింటినీ కదలకుండా లాక్ చేయండి. లేకపోతే చెయ్యి మెడ మీద పైకీ కిందికీ జరిగినప్పుడల్లా తెర చీకటి పడుతూ, వెలుగుతూ ఉంటుంది. వెనుక కెమెరా వాడితే స్పష్టత ఎక్కువ. ముందు కెమెరాలో కొన్ని ఫోన్లు అద్దంలో చూపినట్టు తిప్పి రికార్డు చేస్తాయి, కుడిచేతి వాద్యకారుడు ఎడమచేతివాడిగా కనిపిస్తాడు. నేర్చుకునేందుకు చూసేవారికి అది పెద్ద గందరగోళం. కెమెరాను గిటారు ఎత్తులో, ఎడమచెయ్యి వైపు కొద్దిగా జరిపి పెడితే ఫ్రెట్ల మీద వేళ్లు బాగా కనిపిస్తాయి. మైకు దృశ్యంలోకి వస్తే రానివ్వండి. చూపు కోసం దాన్ని దూరం జరిపి శబ్దాన్ని పోగొట్టుకోవడం దండగ బేరం. ఫోనును ఏరోప్లేన్ మోడులో పెట్టాలని వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటరుకు వెబ్‌క్యామ్ తగిలించి, ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియోలో శబ్దాన్నీ దృశ్యాన్నీ ఒకేసారి రికార్డు చేయడం మరో దారి. అప్పుడు శబ్దం కంటే దృశ్యం కాస్త వెనకబడుతుంది, ఆ తేడాను అధునాతన ఆడియో అమరికల్లోని సింక్ ఆఫ్‌సెట్‌లో మిల్లీసెకన్లలో ఇచ్చి సరిచేయాలి. రికార్డింగు ఫార్మాటుగా మామూలు ఎంపీ4 బదులు ఎంకేవీ ఎంచుకోండి. మధ్యలో కరెంటు పోయినా, కంప్యూటరు ఆగిపోయినా ఎంకేవీలో అప్పటిదాకా రికార్డయినది మిగులుతుంది, ఎంపీ4 అయితే ఫైలంతా తెరుచుకోకుండా పోవచ్చు. పాటలకు నేను ఈ దారి వాడను, పాఠాలకు వాడతాను.

శబ్దం ఒక్కటే అయితే తప్పు పడిన చరణాన్ని మళ్లీ వాయించి అతికించవచ్చు. లెస్ పాల్ 1940లలో హాలీవుడ్‌లోని తన ఇంటి గరాజులో గిటారు మీద గిటారు పొరలు పేర్చడానికి డిస్కులు వాడాడు. ఒక పొరలో తప్పు దొర్లితే ఆ పొరంతా మళ్లీ వాయించవలసిందే. మనకు ఆ కష్టం లేదు గానీ, వీడియో ఉన్నప్పుడు అతుకులు చేతుల్లో బయటపడతాయి. చెవికి వినిపించే మీటు ఒకటి, కంటికి కనిపించే మీటు మరొకటి అవుతుంది. కాబట్టి మొత్తం పాటను ఒకే ఊపులో వాయించిన టేకులే తీసుకోండి. తప్పనిసరై రెండు టేకులు అతికించవలసివస్తే, అతుకు దగ్గర వేరే కోణం నుంచి తీసిన దృశ్యానికి మారిపోవాలి. ఇందుకోసమైనా ఇంట్లో ఉన్న రెండో ఫోనును పక్క నుంచి నడుపుతూ ఉండండి.

రెంటినీ కలపడం

కంప్యూటరులో రికార్డింగు, ఫోనులో వీడియో రెండూ మొదలయ్యాక, కెమెరాకు కనిపించేలా, మైకుకు దగ్గరగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. పాట అయ్యాక, రెండూ ఆపేముందు మరోసారి కొట్టండి. ఫోను తన మైకుతో రికార్డు చేసిన నాసి శబ్దాన్ని ముందే తీసివేయకండి, ఇప్పుడు అది అక్కరకొస్తుంది. డావిన్చీ రిజాల్వ్, కేడెన్‌లైవ్, షాట్‌కట్ వంటి ఏ ఉచిత వీడియో ఎడిటరులోనైనా ఫోను వీడియోనూ, వేవ్ ఫైలునూ ఒకదాని కింద ఒకటి పేర్చి, చప్పట్ల దగ్గర సూదిమొనలా లేచిన రెండు గీతలూ ఒకే నిలువులోకి వచ్చేలా జరపాలి. అరచేతులు కలిసిన ఫ్రేము కూడా అక్కడే ఉందో లేదో చూసుకుని, ఫోను శబ్దాన్ని మూసేయాలి. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు ఉంటుంది కనుక ఎడిటరు అనుమతిస్తే శబ్దాన్ని ఫ్రేము కంటే చిన్న అడుగులతో జరపండి. ఫోను మూడు మీటర్ల దూరంలో ఉంటే దాని మైకుకు చప్పట్లు చేరడానికి సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఇప్పుడు చివరి చప్పట్ల దగ్గరికి వెళ్లండి. అక్కడా రెండూ కలిసి ఉంటే పని అయినట్టే. ఫోనుకూ, ఇంటర్‌ఫేసుకూ ఎవరి గడియారం వారిది. వాటి మధ్య లక్షకు అయిదు వంతుల తేడా ఉందనుకున్నా, అయిదు నిమిషాల పాటలో అది 15 మిల్లీసెకన్లే, కంటికి ఆనదు. గంటసేపు ఆపకుండా తీస్తే అదే తేడా 180 మిల్లీసెకన్లవుతుంది, నాలుగు ఫ్రేములకు పైనే. అందుకే పాటపాటకూ రికార్డింగు ఆపి మళ్లీ మొదలుపెట్టడం మంచి అలవాటు. చిన్న పాటలోనే పెద్ద తేడా వచ్చిందంటే ఫోను ఫ్రేముల వేగాన్ని తనకు తోచినట్టు మారుస్తోందని అనుమానించాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఫ్రేముల వేగం స్థిరంగా ఉండాలని ఎంచుకుని వీడియోను మార్చుకుంటే చాలామటుకు సరిపోతుంది.

శబ్దానికి మెరుగులు తక్కువగా దిద్దండి. అన్నిటికంటే మంద్రమైన తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది కనుక 60 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయవచ్చు, అక్కడ ఉండేది బయటి లారీ మోత మాత్రమే. బొజ్జ మోత ఎక్కువగా ఉంటే 100 నుంచి 200 మధ్య రెండు మూడు డెసిబెళ్లు తగ్గించండి. రొద తొలగించే సాధనాన్ని గట్టిగా వాడితే, ఫోను చేసిన పనినే మనం మళ్లీ చేసినట్టవుతుంది, స్వరం తోక అందులో పోతుంది. రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) కలపండి, కలిపాక అందులో సగానికి తగ్గించండి. మొత్తం స్థాయి −14 లఫ్స్ (చెవికి తోచే బిగ్గరతనపు కొలమానం) దగ్గర, శిఖరాలు −1 డెసిబెల్ దాటకుండా ఉంటే యూట్యూబుకు సరిపోతుంది. అంతకంటే బిగ్గరగా పంపినదాన్ని యూట్యూబే తగ్గించి వినిపిస్తుంది.

చివరి ఫైలును హెచ్.264 ఎంపీ4గా, శబ్దం ఏఏసీ 48 కిలోహెర్ట్జ్, 384 కిలోబిట్లతో తీయండి. సినిమా పాటల వరుసలు వాయిస్తే, వాయించింది మీరే అయినా, హక్కుదారులైన మ్యూజిక్ కంపెనీ తరఫున క్లెయిము రావచ్చు, ప్రకటనల ఆదాయం వారికి పోవచ్చు. ఎక్కించే ముందు ఆ వీడియోను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కసారి చూడండి. ఇంటర్‌ఫేసు మొదటి ఇన్‌పుట్‌లో పడిన మోనో శబ్దం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఎడమ చెవిలోనే ఉండిపోతుంది, లాప్‌టాప్ స్పీకర్ల మీద ఆ సంగతి బయటపడదు. ట్రాకును మోనోగా మార్చి, రెండు చెవులకూ సమానంగా వచ్చేలా మధ్యకు జరిపి, మళ్లీ ఎగుమతి చేయండి. ఆ తర్వాత వెళ్లి ఫ్రిజ్ ఆన్ చేయండి.